రాత్రివేళ తలుపు తట్టిన ప్రభుత్వం: కారెల్ హావ్‌లీచెక్ గురించి

బ్ర్నోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు ఉండి వద్దామని చెక్ దేశం వెళ్ళినప్పుడు, ప్రాగ్ నుంచి వచ్చే దారిలో హావ్‌లీచ్‌కూవ్ బ్రోద్ అనే చిన్న పట్టణంలో పనిగట్టుకొని రైలు దిగాను. సాజవా నది ఒడ్డున ఉన్న ఊరు అది. చౌరస్తా చుట్టూ వరసగా పాత ఇళ్ళు. వాటిలో ఒకటి ఇప్పుడు మ్యూజియం. 1851 డిసెంబర్ 16 తెల్లవారకముందే, ఊరంతా నిద్రలో ఉండగా, ఆ ఇంటి తలుపు తట్టి పోలీసులు ఒక పత్రికా సంపాదకుణ్ణి తీసుకుపోయారు. అంతకు నెల రోజుల ముందే కోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది. ఆయన మీద కొత్త కేసేమీ లేదు. విచారణ లేదు, తీర్పు లేదు, ఎన్నాళ్ళకు తిరిగి పంపుతారో చెప్పిన కాగితం కూడా లేదు.

ఆ సంపాదకుడే కారెల్ హావ్‌లీచెక్. పుట్టిన పల్లె బొరోవా పేరును కలుపుకొని బొరోవ్‌స్కీ అని కూడా రాసుకునేవారు. అప్పట్లో ఆ పట్టణం పేరు న్యెమెత్స్కీ బ్రోద్, అంటే జర్మన్ల రేవు. 1945లో దాన్ని హావ్‌లీచెక్ రేవు అని మార్చారు. ఒక పత్రికా రచయిత పేరును ఊరికి పెట్టుకున్న జాతి పట్ల నాకు మొదటి నుంచీ గౌరవం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికాఫీసులో డెస్కు దగ్గర కూర్చొని ఇతరుల వాక్యాలు దిద్దుతూ బతికిన నాకు, ఈయన జీవితం సొంత వృత్తిలో ఒక పెద్దాయన కథలాగే తోస్తుంది. అందుకే నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ఆయన 1821 అక్టోబర్ 31న పుట్టారు. తండ్రి మత్యెయ్ వ్యాపారి. అప్పటికి చెక్ భూములు రెండు వందల ఏళ్ళుగా వియన్నాలోని హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల గట్టి పట్టులో ఉన్నాయి. కచేరీ భాష, చదువుల భాష, పెద్దమనుషుల భాష అంతా జర్మన్. చెక్ భాష పల్లెల్లోనూ, వంటిళ్ళలోనూ, సంతల్లోనూ మిగిలింది. బ్రోద్‌లోని ఉన్నత పాఠశాలలో హావ్‌లీచెక్ చదివిన చదువు కూడా జర్మన్‌లోనే. ఆ తరం చెక్ రచయితల్లో చాలామంది తమ తల్లి భాషలో రాయడాన్ని పెద్దయ్యాక, ఇష్టపడి, కష్టపడి నేర్చుకున్నవారే. మాట్లాడే భాషను రాసే భాషగా నిలబెట్టడానికి ఎంత శ్రమ పడాలో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1840లో ఆయన మతాచార్యుడు కావాలని ప్రాగ్‌లోని సెమినరీలో చేరారు. భక్తి కన్నా ప్రజల మధ్య పని చేయాలన్న కోరిక ఎక్కువ. చర్చిలో చెక్ భాషలో మాట్లాడే గురువు ఊరందరికీ బడిపంతులు వంటివాడని ఆ కాలపు యువకుల నమ్మకం. ఏడాది తిరగకముందే అధికారులు ఆయనను పంపించివేశారు. ఆ ద్వారం మూసుకుపోయాక ఆయన తనంత తానే చదువుకున్నారు. చెక్‌కూ, రష్యన్‌కూ చుట్టాలైన స్లావ్ భాషలు నేర్చుకుంటూ, రచయితగా బతకాలని తీర్మానించుకున్నారు.

ఆ తరువాత జరిగిన రష్యా ప్రయాణమే ఆయనను తయారు చేసిందని నా అభిప్రాయం. పండితుడు షఫర్జీక్ సిఫారసుతో, మాస్కోలోని చరిత్రకారుడు పొగోదిన్ ద్వారా, షెవిరోవ్ అనే ప్రొఫెసర్ ఇంట్లో పిల్లవాడికి చదువు చెప్పే పని దొరికింది. 1843లో మాస్కో చేరేటప్పటికి ఆయన మనసు నిండా స్లావ్ సోదరభావమే. స్లావ్ జాతులన్నీ ఒక తల్లి బిడ్డలనీ, వాళ్ళలో పెద్దన్న అయిన రష్యా ఏదో ఒకనాడు చిన్నవాళ్ళను ఆదుకుంటుందనీ అప్పటి చెక్ దేశభక్తులు కలలు కనేవారు. మాస్కోలో ఆయనకు ఆ పెద్దన్న ఇల్లు లోపలి నుంచి కనిపించింది. భూమితో పాటు అమ్ముడుపోయే రైతు కనిపించాడు. పైవాడి ముందు వంగి కిందివాడిని తన్నే అధికారి కనిపించాడు. సోదరభావం గురించి సాయంత్రాలు తీయగా మాట్లాడే ప్రభువులు, ఆ మాటల్లో స్లావ్ అన్న చోటల్లా రష్యన్ అని మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారన్న సంగతి కూడా ఆయనకు అక్కడే తెలిసింది. సామాన్య రష్యన్ జనాన్ని మాత్రం ఆయన ప్రేమించారు. ఆ ప్రేమతోనే రష్యా చిత్రాలు అన్న పేరుతో వ్యాసాలు రాశారు, రష్యన్ రచయిత గొగోల్ రచనలను చెక్‌లోకి తెచ్చారు. ఏడాదిన్నర లోపే, 1844 వేసవిలో, వెనక్కి వచ్చారు.

ఎపిగ్రాములు రాయడం కూడా మాస్కోలోనే మొదలైంది. నాలుగు పంక్తుల్లో చురక పెట్టే పద్యాలవి. మన చాటుపద్యాల రుచి తెలిసినవారికి వాటిని వివరించే అవసరం లేదు. వాటిని ఆయన చర్చికి, రాజుకు, దేశానికి, కళాదేవతలకు, లోకానికి అని అయిదు భాగాలు చేసి అంకితమిచ్చారు. ఒక దానిలో వెంకన్న, సుబ్బన్న వంటి పేరున్న ఒక పల్లెటూరి వాడికి హితవు చెబుతారు: దొరలతో కలిసి మంచు మీద నడవకు, దొర జారితే వాడి తరఫున కాలు విరిగేది రైతుకే అని. ఇటువంటి మాటలు అచ్చు కావలసిన అవసరం ఉండదు. ఒకరు చెబితే పది ఊళ్ళు తిరుగుతాయి.

తిరిగి వచ్చిన మరుసటి ఏడాదే ఆయన చేసిన పని ఆయన స్వభావం మొత్తాన్ని చూపిస్తుంది. అప్పటికి చెక్ నాటకరంగానికి యోసెఫ్ కయెతాన్ తిల్ ఆరాధ్యుడు. నేటి చెక్ జాతీయ గీతం మాటలు ఆయన నాటకంలోవే. ఆయన రాసిన చివరి చెక్ అనే నవలను దేశభక్తులంతా తలకెత్తుకున్నారు. ఇరవై మూడేళ్ళ హావ్‌లీచెక్ ఆ నవల మీద విమర్శ రాస్తూ, దేశం దేశం అని నిట్టూర్చినంత మాత్రాన పుస్తకం మంచిది అయిపోదన్నారు. మన దేశభక్తి ఇక నోటిలోంచి చేతుల్లోకి, ఒంట్లోకి దిగిరావాలనీ, ప్రేమ గురించి మాట్లాడటం కన్నా ఆ ప్రేమతో ఏదైనా చేయడం మేలనీ రాశారు. పెద్ద గొడవ అయింది. రచయిత్రి బొజెనా న్యెమ్‌త్సోవా తిల్ పక్షాన నిలబడ్డారు. తిల్ వంటి మనిషి పట్ల ఆ వ్యాసంలో కొంత కఠినత్వం ఉన్న మాట నిజమే, తిల్ కూడా తన పనిని చేతులతో చేసినవాడే. అయినా చిన్న భాషల్లో రాసేవాళ్ళకు ఈ వ్యాసం ఎప్పటికీ అవసరమని నేను అనుకుంటాను. మన భాషలో వచ్చింది కనుక మెచ్చుకుందాం అనే దయ, చివరికి భాషకే హాని చేస్తుంది.

ఆ వ్యాసం చదివినవాళ్ళలో చరిత్రకారుడు ఫ్రాన్తిషెక్ పాలాట్‌స్కీ ఒకరు. ఆయన మాట సహాయంతో, 1846 జనవరి నుంచి హావ్‌లీచెక్ ప్రాజ్‌స్కె నొవిని సంపాదకులయ్యారు. పేరుకు పత్రికే గాని, అది ప్రభుత్వ ప్రకటనలతో నిండిన, పైవాళ్ళ అనుమతి లేనిదే అక్షరం కదలని కాగితం. ప్రతి ప్రూఫూ సెన్సారు బల్ల మీదికి వెళ్ళి రావలసిందే. అటువంటి చోట ఇరవై నాలుగేళ్ళ సంపాదకుడు ఏమి చేయగలడు? ఆయన ఐర్లండ్ గురించి రాయడం మొదలుపెట్టారు.

ఈ భాగం దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే నా వృత్తికి సంబంధించి ఇంతకన్నా మంచి పాఠం నేను ఎక్కడా చదవలేదు. ఐర్లండ్‌లో డేనియల్ ఒకానెల్ నాయకత్వంలో ఇంగ్లండ్‌తో బలవంతపు కలయికను రద్దు చేయాలన్న ఉద్యమం నడుస్తోంది. హావ్‌లీచెక్ ఆ వార్తలను శ్రద్ధగా, వరసగా వేశారు. పెద్ద దేశం చిన్న దేశాన్ని ఎలా నడుపుతుంది, చిన్న దేశం భాష ఎలా వెనక్కి పోతుంది, భూమి ఎవరి చేతిలో ఉంటుంది, జనం కత్తి పట్టకుండా సభలతో, సంతకాలతో, చట్టాన్ని చట్టంతోనే ఎదుర్కొంటూ ఎలా నిలబడతారు అన్నవన్నీ అందులో ఉండేవి. సెన్సారు అధికారికి అది విదేశీ వార్త. చదివిన ప్రాగ్ పౌరుడికి మాత్రం అది తన వీధి వార్త. పాఠకులకు వరసల మధ్య చదవడం ఆయన నేర్పారు. ఐరిష్ ఉద్యమం నినాదమైన రిపీల్, అంటే రద్దు, అన్న ఇంగ్లీషు మాట ప్రాగ్ యువకుల్లో ఎంత పాకిందంటే, అక్కడి ఒక రహస్య బృందం దాన్నే తన పేరుగా పెట్టుకుంది. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు, నిషేధించిన మాట ఒక్కటి కూడా వాడలేదు. ఎంపిక చేయడం, వరస పెట్టడం, సూటిగా చెప్పడం అనే మూడు పనులతోనే ఇదంతా సాధించారు. డెస్కు మీద కూర్చున్నవాడి చేతిలో ఉండేవి ఎప్పుడూ ఆ మూడే.

అదే ఏడాది స్లావ్, చెక్ అన్న వ్యాసంలో మాస్కో నేర్పిన సంగతిని బాహాటంగా చెప్పారు. రష్యన్లు తమదంతా స్లావ్ అని పిలవడం మొదలుపెట్టింది, రేపు స్లావ్‌లదంతా రష్యన్ అని పిలవడానికేనన్నారు. మాస్కో నుంచి తాను ఒట్టి చెక్‌గా, పట్టు విడవని చెక్‌గా, స్లావ్ అన్న పేరు మీద లోలోపల కొంత చేదుతో తిరిగి వచ్చానని రాశారు. తనను పెంచిన పెద్దలకే కష్టం కలిగించే మాట అది. రష్యా నీడలో ఆ దేశాలు తరువాతి శతాబ్దంలో చూసినదంతా తెలిసిన మనకు, 1846లో ఒక యువకుడికి ఇది ఇంత స్పష్టంగా కనపడటం ఆశ్చర్యం కలిగిస్తుంది.

1848 వసంతంలో యూరప్ అంతటా సింహాసనాలు కదిలాయి. వియన్నాలో సెన్సారు పోయింది. ఏప్రిల్ 4న హావ్‌లీచెక్ యూలియె సీకొరోవాను పెళ్ళాడారు. మర్నాడు, ఏప్రిల్ 5న, నారొద్నీ నొవిని అనే ఆయన సొంత దినపత్రిక మొదటి సంచిక వెలువడింది. పత్రిక మనుషుల ఇళ్ళలో పెళ్ళి ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ రెండు తేదీలు చాలు. డబ్బు డేయ్మ్ ప్రభువు పెట్టారు, మాట హావ్‌లీచెక్‌ది. చెక్ భాషలో నిజమైన రాజకీయ దినపత్రిక అదే మొదటిది. రాజ్యాంగం అంటే ఏమిటి, పన్ను ఎవరు వేయాలి, ఎన్నిక ఎలా జరుగుతుంది, పల్లెలో బడి ఎందుకు ఉండాలి వంటి విషయాలను రైతుకూ, చేతిపనివాడికీ అర్థమయ్యే మాటల్లో ఆయన రాశారు. బారికేడ్ల మీద, అంటే వీధుల్లో అడ్డుకట్టలు కట్టి చేసే తిరుగుబాట్ల మీద, ఆయనకు నమ్మకం లేదు. విప్లవం ఒక రాత్రిలో ఇచ్చినదాన్ని మరో రాత్రి తీసుకుపోతుందనీ, చదువుకున్న జనం దగ్గర నుంచి తీసుకుపోవడం కష్టమనీ ఆయన వాదన. అందుకు తీవ్రవాదులు మెత్తటివాడన్నారు, ప్రభుత్వం ప్రమాదకరమైనవాడంది. రెండో పక్షమే ఆయనను సరిగా అంచనా వేసిందని అనుకుంటాను.

ఆ జూన్‌లో ప్రాగ్ తిరుగుబాటును సైన్యం ఫిరంగులతో అణచింది. జూలైలో హావ్‌లీచెక్‌ను పట్టుకున్నారు. జైల్లో ఉండగానే జనం ఆయనను వియన్నా శాసనసభకు ఎన్నుకున్నారు, అది కూడా ఒకటి కన్నా ఎక్కువ నియోజకవర్గాల నుంచి. సభ్యుడైనవాణ్ణి లోపల ఉంచలేక విడిచిపెట్టారు. సభ ఆ ఏడాది రైతుల వెట్టిని రద్దు చేసింది. తరువాత దానిని మొరావియాలోని క్రొమ్యెర్జీజ్‌కు తరలించారు. డిసెంబర్‌లో హావ్‌లీచెక్ పదవి వదులుకొని పత్రికకు తిరిగి వచ్చారు. సభలో మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, రాసేవాళ్ళు తక్కువ. ఆ నెలలోనే కూతురు జ్దెంకా పుట్టింది.

1849 మార్చిలో యువ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ప్రభుత్వం శాసనసభను రద్దు చేసి, తనే రాసుకున్న రాజ్యాంగాన్ని ప్రజల మీద మోపింది. అది దానమే గాని హక్కు కాదని హావ్‌లీచెక్ పత్రికలో రాశారు. కేసు పెట్టారు. ఏప్రిల్ 12న ప్రాగ్‌లో జ్యూరీ ముందు విచారణ జరిగింది. తన వాదన తానే వినిపించుకున్నారు. జ్యూరీలోని సామాన్య పౌరులు ఆయన నిర్దోషి అన్నారు. మే నెలలో ప్రాగ్‌ను సైనిక పాలన కిందికి తెచ్చారు, 1850 జనవరిలో పత్రికను పూర్తిగా మూయించారు.

ప్రాగ్‌లో వీలుకాకపోతే ఆయన కుత్‌నా హోరాకు వెళ్ళారు. ఒకప్పుడు వెండి గనులతో వెలిగి, గనులు ఉడిగాక నెమ్మదించిన ఊరు అది. అక్కడ 1850 మే నుంచి స్లొవాన్ అనే పత్రిక తెచ్చారు. వారానికి రెండు సంచికలు. అప్పటికి చెక్ భాషలో ప్రభుత్వాన్ని ధైర్యంగా విమర్శించే గొంతు దాదాపుగా ఆయనది ఒక్కటే మిగిలింది. చాలా చోట్ల దాన్ని నిషేధించారు. ఈ కాలంలోనే కుత్‌నా హోరా లేఖలు అన్న పేరుతో చర్చి అధికారం మీద ఆయన రాసిన వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. ఒకప్పుడు సెమినరీ నుంచి వెళ్ళగొట్టినవాళ్ళ మీద ఆయనకున్న కోపం వాటిలో ఉంది గాని, అంతకన్నా ఎక్కువగా, మతం అధికారం పక్కన కూర్చుంటే మతానికే జరిగే నష్టం గురించిన బాధ ఉంది. హెచ్చరికల మీద హెచ్చరికలు వచ్చాక, 1851 ఆగస్టులో స్లొవాన్ ఆగిపోయింది. అంతటితో వదలక, అందులోని వ్యాసాల మీద మళ్ళీ కేసు పెట్టారు. నవంబర్ 12న కుత్‌నా హోరాలో విచారణ. ఇక్కడా జ్యూరీయే. ఇక్కడా నిర్దోషి.

రెండుసార్లు పగటి వెలుతురులో, అందరి ముందు, చట్టం రాసుకున్నవాళ్ళే చట్టం చేతిలో ఓడిపోయారు. అందుకే మూడోసారి రాత్రిపూట వచ్చారు. హోంమంత్రి అలెగ్జాండర్ బాఖ్ ఆదేశం తీసుకొని, దెదెరా అనే పోలీసు అధికారి జండార్ములతో, అంటే సాయుధ పోలీసులతో, బ్రోద్‌లోని ఆ ఇంటికి వచ్చాడు. సరిగ్గా పదిహేను రోజులకు, డిసెంబర్ 31న, చక్రవర్తి తన పేరుతోనే వెలువడిన ఆ రాజ్యాంగాన్ని కూడా రద్దు చేసేశాడు.

ఆ రాత్రి ఏం జరిగిందో ఆయనే తిరోల్ ఎలిజీలు, అంటే తిరోల్ కొండసీమ విలాపగీతాలు, అనే కావ్యంలో చెప్పారు. మంచం మీద నుంచి లేపిన దెదెరా ఎంతో మర్యాదగా, బాఖ్‌గారు మీ ఆరోగ్యం గురించి దిగులు పడుతున్నారు, ఇక్కడి గాలి మీకు పడదు, గాలిమార్పు కోసం తీసుకురమ్మన్నారు అంటాడు. మంచం కింద ఆయన కుక్క జోక్ ఉంది. ఇంగ్లండ్ జాతి బుల్‌డాగ్ కనుక, హేబియస్ కార్పస్ చట్టానికి అలవాటు పడినది కనుక, ఊరికే మనుషులను పట్టుకుపోతామంటే సహించలేక మొరుగుతుంది. హావ్‌లీచెక్ దాని మీదికి సామ్రాజ్యపు చట్టాల పుస్తకం విసురుతారు. కుక్క ఇక కిక్కురుమనదు. తల్లి, భార్య, చెల్లెలు, పసిది జ్దెంకా ఏడుస్తూ చుట్టూ నిలబడతారు. తన కళ్ళలో నీళ్ళు జండార్ముల కంట పడకుండా ఆయన టోపీని కళ్ళ మీదికి లాక్కుంటారు. నవ్వు, ఏడుపు ఒకే పద్యంలో ఇలా పక్కపక్కన నిలవడం నేను చాలా తక్కువ చోట్ల చూశాను. నవ్విస్తున్నప్పుడు ఆయన బాధను దాచరు, బాధ చెబుతున్నప్పుడు గొంతు పెంచరు.

ప్రయాణం మధ్యలో, ఆల్ప్స్ పర్వతాల వాలు దారిలో, చీకట్లో గుర్రాలు బెదిరి పరుగెత్తుతాయి. పగ్గాలు పట్టేవాడు లేడు. జండార్ములూ, దెదెరా ఒక్కొక్కరుగా బండి మీద నుంచి దూకేస్తారు. బందీ మాత్రం కదలకుండా కూర్చుంటాడు. జాతులన్నిటినీ దారం కట్టి నడిపించాలనుకునే ఓ ప్రభుత్వమా, పగ్గాలు లేకుంటే నాలుగు గుర్రాలను కూడా ఏలలేవా అని ఆయన మనసులో అనుకుంటారు. చివరికి బండి క్షేమంగా మజిలీకి చేరుతుంది. ముందు బందీ వస్తాడు, కాపలావాళ్ళు దెబ్బలు తగిలించుకొని వెనకాల కుంటుకుంటూ వస్తారు.

డిసెంబర్ 22 నాటికి బ్రిక్సెన్ చేరారు. ఇప్పుడది ఇటలీలో ఉంది, బ్రెస్సనోనె అని కూడా పిలుస్తారు. మొదట్లో ఆయనను ఉంచిన సత్రం పేరు ఏనుగు. దాని వెనక ఒక కథ ఉంది: అంతకు సరిగ్గా మూడు వందల ఏళ్ళ క్రితం, 1551 శీతాకాలంలో, మన తూర్పు దేశాల నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన సులేమాన్ అనే ఏనుగును వియన్నాకు నడిపించుకుపోతూ ఆ ఊళ్ళో కొన్నాళ్ళు ఆపారు. సత్రానికి ఆ పేరు నిలిచిపోయింది. తమది కాని ఊరికి, తమది కాని చలికి, చక్రవర్తుల ఆజ్ఞ మీద చేరిన ఆ ఇద్దరు అతిథులను గురించి నాకు తరచూ తలపుకు వస్తుంది.

బ్రిక్సెన్‌లో గొలుసులు లేవు, జైలు గది లేదు. ఊరు దాటకూడదు, పత్రికకు రాయకూడదు. నిఘా ఉండేది. చుట్టూ కొండలు, వినబడేదంతా జర్మన్. తరువాతి ఏడాది యూలియె, జ్దెంకా అక్కడికి వచ్చి కలిసి ఉన్నారు. పత్రిక రాయలేని ఆ మూడేళ్ళలోనే ఆయన గొప్ప కావ్యాలు వచ్చాయి. లావ్రా రాజు అన్నదానికి ఆధారం ఐర్లండ్ గాథ. గాడిద చెవులున్న రాజు, ఆ రహస్యం కడుపులో దాచుకోలేని మంగలి, ఆ మాటను విన్న చెట్టు: ఈ కథను వేరే రూపంలో మనలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. హావ్‌లీచెక్ చేతిలో ఆ చెట్టు కొమ్మ ఒక వాయిద్యానికి బిరడా అవుతుంది, రాజు విందులో వాయిద్యమే నిజం చెప్పేస్తుంది. మాట్లాడవద్దని ఆంక్ష పెట్టిన సంపాదకుడు ఈ కథను ఎందుకు ఎంచుకున్నారో చెప్పనక్కరలేదు.

ఆయన పూర్తి చేయలేకపోయిన సెయింట్ వ్లదిమీర్ బాప్తిస్మం మరింత సాహసమైనది. కీయెవ్ రాజు తన పండుగ రోజున ఉరమమంటే ఉరుముల దేవుడు పెరూన్ ఉరమనంటాడు. రాజద్రోహం కింద దేవుడిని విచారించి, నదిలో ముంచి చంపమని శిక్ష వేస్తారు. ఆ దేవుడితో పాటు అదే శిక్షకు వెళ్ళేవాడు ఒక పత్రికా రచయిత. తనను తాను ఆ పద్యంలో అలా చిన్న పాత్రగా పెట్టుకోవడం చూసినప్పుడు, చదువుతూ చదువుతూ పుస్తకం పక్కన పెట్టాను.

ఇంతవరకు రాసినదంతా హావ్‌లీచెక్ గెలుపులాగే కనిపిస్తుంది. యూలియె గురించి రాయకపోతే అది న్యాయం కాదు. ఆమెకు క్షయ. 1854లో జబ్బు ముదిరి, కూతురిని తీసుకొని ఆమె చెక్ సీమ అయిన బొహీమియాకు తిరిగి వెళ్ళారు. ఆయనకు వెంట వెళ్ళే వీలు లేదు. ఎన్ని విన్నపాల తరువాతో 1855 వసంతంలో విడుదల వచ్చింది, అది కూడా రాజకీయాల జోలికి పోనని సంతకం పెట్టిన మీదట. ఆయన ఇంటికి చేరేసరికి ఆమె లేరు. ఏప్రిల్ 16నే మరణించారు. ప్రవాసం ఇచ్చిన కావ్యాల గురించి మాట్లాడేవాళ్ళు, నాతో సహా, ఆ లెక్కలో దీన్ని కూడా వేయాలి. ఆ సంతకాన్ని పట్టుకొని ఆయనను చిన్నబుచ్చినవాళ్ళు ఉన్నారు. చావుబతుకుల్లో ఉన్న భార్య దగ్గరికి వెళ్ళడానికి పెట్టిన సంతకం అది. దాన్ని తూకం వేయడానికి నాకు మనసు రాదు.

ఆ తరువాతి పదిహేను నెలలూ ఒంటరితనమే. అనుమతి లేనిదే ప్రాగ్‌లో ఉండకూడదు. పాత స్నేహితుల్లో చాలామంది పోలీసుల భయంతో వీధిలో ఎదురైతే తప్పుకునేవారు. అప్పటికే ఆయనకు కూడా క్షయ పట్టింది. 1856 జూలై 29న ప్రాగ్‌లో కన్నుమూశారు. ముప్పై అయిదేళ్ళు నిండలేదు. ఒల్షాని శ్మశానం దాకా సాగిన అంతిమయాత్రకు, పోలీసులు చూస్తున్నారని తెలిసి కూడా, జనం వచ్చారు. ఒకప్పుడు తిల్ విషయంలో ఆయనను ఎదిరించిన న్యెమ్‌త్సోవా వారిలో ఉన్నారు. శవపేటిక మీద ఆమె ముళ్ళ కిరీటం ఉంచారని చెక్ ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటారు.

జ్దెంకాకు అప్పటికి ఏడేళ్ళు. చెక్ సమాజం ఆమెను జాతి కూతురు అని పిలిచింది, ఆమె పెళ్ళికి కట్నంగా విరాళాలు పోగుచేసింది. ప్రేమతోనే చేశారు గాని, అందరి కూతురైన పిల్ల మీద అందరికీ అధికారం ఉంటుంది. ఆమె ఎవరిని పెళ్ళాడాలి అన్నది కూడా పదిమంది మాట్లాడుకునే విషయమైంది. 1872లో, తల్లిదండ్రులను తీసుకుపోయిన జబ్బుతోనే ఆమె కూడా ఇరవై మూడేళ్ళకు వెళ్ళిపోయింది.

తరువాత విగ్రహాలు లేచాయి. కుత్‌నా హోరాలో, ప్రాగ్‌లో, వలస వెళ్ళిన చెక్‌ల కోసం చికాగోలో కూడా. చెకొస్లొవాకియా స్థాపకుడు మసారిక్, ఆ దేశం ఏర్పడక ముందే, 1896లో, ఆయన మీద ఒక పుస్తకమే రాశారు.

బ్రోద్ నుంచి వచ్చినప్పటి నుంచి తిరోల్ ఎలిజీల మొదటి పద్యాన్ని తెలుగులో పెట్టాలని ప్రయత్నిస్తున్నాను. చెక్ తెలిసిన మా అమ్మాయి స్నేహితురాలు ఒక్కొక్క మాటకూ అర్థం చెబుతుంటే రాసుకున్నాను. కావ్యం చంద్రుడిని పలకరించడంతో మొదలవుతుంది. ఆ దట్టమైన మబ్బులోంచి మెల్లగా వెలుగు, బ్రిక్సెన్ నీకెలా నచ్చింది, అంతగా మొహం చిట్లించకు, అప్పుడే నిద్రకు పోకు, నీతో కాసేపు మాట్లాడతాను, నేను ఈ ఊరివాణ్ణి కాను అని. చెక్‌లో ఆయన చంద్రుడికి వాడింది పసిపిల్లలతో వాడే ముద్దుమాట. ఇంగ్లీషు అనువాదంలో ఆ ముద్దు పోయింది. తెలుగులో మాత్రం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది, చందమామా అని రాశాను. ఆగిపోయింది ఆ మెల్లగా అన్న మాట దగ్గరే. ఆయన వాడిన మాటలో అడుగుల చప్పుడు కాకుండా నడిచినట్టుండే మెత్తదనం ఉందట. మెత్తమెత్తగా, పిల్లిలాగా, సవ్వడి లేకుండా అని మూడు రకాలుగా రాసి కొట్టివేశాను. పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళకు మెలకువ రాకూడదు, కాపలావాడికి వినబడకూడదు, చందమామకు మాత్రం వినబడాలి. అటువంటి మాట ఇంకా దొరకలేదు.